మోదుగపూవు మీద ఆ నింద ఎందుకు?

శివరాత్రి దాటాక నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు వెళ్తున్నారా? బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం వదలకండి. ఆకు రాల్చేసిన మోదుగ చెట్లు కొమ్మ కొమ్మకూ నారింజ ఎరుపు పూలతో కనిపిస్తాయి. నల్లటి మెత్తని తొడిమలోంచి చిలకముక్కులా వంగిన రేకు... ఒక్క పువ్వు చేతిలోకి తీసుకుంటే కాసేపు కింద పెట్టబుద్ధి కాదు.

అలాంటి పువ్వుకు మన పెద్దలు ఒక నింద అంటగట్టారండీ. చదువు లేనివాడు ఎంత అందగాడైనా వాసన లేని మోదుగపూవేనని సంస్కృత సుభాషితం. నాకు ఆ మాట ఎప్పుడూ మింగుడు పడదు. పువ్వు ఎవరికోసం పూస్తుందో చూడాలి కదా! మోదుగకు చుట్టాలు పిట్టలు. పిట్టలు పూలను వెతుక్కునేది కంటితో, ముక్కుతో కాదు. ఎండలకు నీళ్లు పొదుపు చేసుకోవడానికి చెట్టు ఆకు రాలుస్తుంది. దాంతో పూలకు చాటు కూడా పోతుంది. తేనెపిట్టలు, గోరింకలు దూరం నుంచే చూసి వాలతాయి. తేనె తాగి, తలకు పుప్పొడి పూసుకుని పక్క చెట్టుకు చేరవేస్తాయి. ఇక వాసనతో పనేముంది?

పోనీ, మనకైనా ఏం తక్కువ చేసింది? ఆకులు పుల్లలతో కుడితే పెళ్లి విస్తరి. ఎండుపుల్ల హోమంలో సమిధ. కొమ్మల మీద లక్కపురుగును పెంచుతారు. బెరడుకు గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. నిజాం కాలపు తెలంగాణ పోరాటాన్ని నవలగా రాసిన దాశరథి రంగాచార్య దానికి ‘మోదుగుపూలు’ అనే పేరే పెట్టుకున్నారు.

హోళీ రంగు సంగతీ చెప్పాలి. రాలిన పూలు ఏరి నీళ్లలో మరిగించండి, రాత్రంతా అలాగే నాననివ్వండి. తెల్లారేసరికి పసుపు కలిసిన నారింజ రంగు సిద్ధం. చిటికెడు సున్నం వేస్తే ఇంకా ముదురుతుంది. పిల్లలకు ఈ రంగే ఇవ్వండి.

కాయకు ఒకటే గింజ. ఏరి ఊరి చెరువు గట్టున నాటండి. పెరగడం నిదానమే, కానీ చౌడు నేలను కూడా తట్టుకుంటుంది, నరికినా మళ్లీ చిగురిస్తుంది. ఎండలు ముదిరే వేళ ఇన్ని పిట్టల దాహం తీర్చే చెట్టును గుణం లేనిదంటే నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి!