లారీ ఇంజను ఉడికితే

ఇంజను ఉడుకుతున్నదని మీటరులోని ముల్లు చెబుతుంది గాని, ఎందుకు ఉడుకుతున్నదో చెప్పదు. అందులోనూ మన చేతులతో మనమే రిపేరు చేసిన మరునాడు ఉడికిందంటే, అనుమానమంతా మనం ముట్టుకోని భాగాలమీదికి పోతుంది. హోసూరు లారీ ఆఫీసులో లెక్కలు వ్రాసే గుమాస్తాగా నేను చాలాసార్లు చూచిన సంగతి ఇది. నేను మెకానిక్కును కాను. కాని ఏ బండికి ఏ భాగం మార్చారో, మార్చిన తర్వాత జబ్బు తగ్గిందో లేదో నా రిజిస్టరులో ఉంటుంది.

మా అక్క కొడుకుకు ఒక పాత లారీ ఉన్నది. ఓనరూ వాడే, డ్రైవరూ వాడే. నెలనెలా వాయిదా కట్టవలసినవాడు గనుక షెడ్డుకు డబ్బు పోయలేక, పోయిన వేసవిలో రేడియేటరు తానే దించి కడిగి, వాటర్ పంపూ, పైదీ క్రిందిదీ రెండు హోసు పైపులూ కొత్తవి వేసుకొన్నాడు. పని శుభ్రంగానే చేశాడు. ఎక్కడా చుక్క కారలేదు. అయినా సేలం నుంచి సరుకుతో వస్తూ తొప్పూరు ఘాటు ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత దాటింది. దారిలో ఎవరో చెప్పారని థర్మోస్టాటు పీకివేశాడు. ఆ తర్వాత ఇంకా తొందరగా ఉడికింది. షెడ్డు మేస్త్రీ ఒకసారి చూచి, "హెడ్డు గ్యాస్కెట్టు పోయింది, హెడ్డు దించవలసిందే" అన్నాడు.

"రెండు వాయిదాలు బాకీ ఉన్నాను మామా. బండి షెడ్డులో నిలిచిపోతే వాళ్లు వచ్చి పట్టుకుపోతారు" అన్నాడు వాడు. మా అక్క ఏమీ అనలేదు. మెడలోని గొలుసు తడుముకొన్నది.

గొలుసు తీయకముందే కానీ ఖర్చు లేని పరీక్ష ఒకటి చేద్దామన్నాను. గ్యాస్కెట్టు నిజంగా పోతే సిలిండరులో మండిన గ్యాసు నీళ్లలోకి వస్తుంది. ఇంజను బాగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి స్టార్టు చేస్తే, నీళ్లు వేడెక్కకముందే బుడగలు మొదలై, ఎంతసేపటికీ ఆగవు. మూత పెడితే పై హోసు పైపు చల్లగా ఉండగానే బిర్రబిగుసుకొంటుంది. నీళ్లు ఆయిలులో కలిస్తే డిప్‌స్టిక్కుకు పాలు కలిసిన కాఫీ రంగు అంటుకొంటుంది. వీటిలో ఒక్కటీ మా బండిలో కనబడలేదు.

అయితే థర్మోస్టాటు తీసివేస్తే నీళ్లు ధారాళంగా పారి ఇంజను చల్లబడాలి గదా అని మావాడు అడిగాడు. అడగదగిన ప్రశ్నే. చాలా డీజిలు ఇంజన్లలో ఆ చిన్న వస్తువు రెండు పనులు చేస్తుంది. నీళ్లు సుమారు 80 డిగ్రీలకు వచ్చేసరికి రేడియేటరు దారి తెరుస్తుంది. అదే సమయంలో ఇంజనులోకే తిరిగిపోయే అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకివేస్తే అడ్డదారి బార్లా తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంతభాగం రేడియేటరు ముఖం చూడకుండానే ఇంజనులో తిరుగుతూ ఉంటుంది. అందుకే ఘాటులో ఇంకా ఉడికింది. పాత థర్మోస్టాటు పారవేయలేదు కాబట్టి మా అక్క సొట్టగిన్నెలో నీళ్లు పోసి, దారంతో వ్రేలాడదీసి కాచాము. వేడికి చక్కగా నోరు తెరిచింది. "వంట గిన్నె పాడుచేశారు" అని తిట్టి, ఆ గిన్నె మాకే ఇచ్చివేసింది. థర్మోస్టాటును మళ్లీ దాని చోట్లో బిగించాము.

ఇక మిగిలింది మొదటి జబ్బు. డీజిలు పైపులో గాలి చేరితే బండి స్టార్టు కాదని ప్రతి డ్రైవరుకూ తెలుసు. నీళ్ల దారిలోనూ గాలి పట్టుతుందనే సంగతి తెలిసినవారు తక్కువ. నీళ్లన్నీ దించి మళ్లీ గబగబా పోస్తే, మూతివరకు నిండినట్లే కనబడుతుంది. గాలి మాత్రం ఇంజనులో ఎత్తయిన చోట, హెడ్డు దగ్గర చిక్కుకొని ఉంటుంది. పంపు నీళ్లను తోయగలదు గాని గాలిని తోయలేదు. ఆ చోట లోహానికి నీళ్లు తగలక ఆవిరి పుడుతుంది.

బండిని ముందు చక్రాలు ఎత్తులో ఉండేటట్లు గట్టుమీదికి ఎక్కించి, చక్రాలకు రాళ్లు పెట్టాము. గాలి పోయే స్క్రూ వదులుచేసి, నీళ్లు సన్నధారగా పోశాము. స్క్రూ దగ్గర బుడగలు లేకుండా నీళ్లు వచ్చాక బిగించి, మూత తీసే ఉంచి ఇంజను నెమ్మదిగా నడిపించాము. పై పైపు వేడెక్కి థర్మోస్టాటు తెరుచుకోగానే రెండు పెద్ద బుడగలు గుడగుడమని వచ్చాయి, నీటిమట్టం ఒక్కసారి దిగింది. ఇంకో మూడు లీటర్లు పట్టింది! తర్వాత బుడగలు ఆగిపోయాయి. అలా ఆగిపోవడమే గ్యాస్కెట్టు బాగున్నదనడానికి ఇంకొక సాక్ష్యం.

రేడియేటరు మూత రబ్బరు ఎండిపోయి ఉంటే అదికూడా మార్చించాను. దాన్ని జనం వట్టి మూత అనుకొంటారు. చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి ఆపగల మూత ఉంటే నీళ్లు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 దాకా మరగవు. ఆ కారణంచేతనే వేడి ఇంజను మూత తీయరాదు. తీసిన క్షణంలో నీళ్లన్నీ మరిగి ముఖంమీదికి లేస్తాయి. నీళ్ల మాట వచ్చింది గనుక చెబుతున్నాను, మావైపు బోరునీళ్లు పోస్తే లోపల సున్నం గడ్డకడుతుంది. కూలెంటులో శుద్ధిచేసిన నీళ్లే కలపాలి.

మర్నాడు ఖాళీబండి తిప్పి చూచి, చల్లారాక మట్టం సరిచేసి, ఆ వారంలోనే సేలం లోడుకు పంపాము. తిరుగు ప్రయాణంలో తొప్పూరు ఎక్కి, పైన బండి ఆపి ఫోను చేశాడు. ముల్లు సగంలోనే ఉన్నదట. గొలుసు మా అక్క మెడలోనే ఉన్నది. వాయిదా ఒకటి కట్టాడు, ఇంకొకటి బాకీ.