పేలింది తుపాకీ, నొక్కిందెవరు?

విలేకరిగా నేను రాసిన మొదటి నేర వార్త మొత్తం నాలుగు వాక్యాలు. 2013లో, ఉమ్మడి రాష్ట్రం ఇంకా ఉండగా, తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఓ ప్రజాప్రతినిధి ఇంటి వరండాలో కూర్చుని ఆయన గన్‌మన్ పిస్టల్ శుభ్రం చేసుకుంటున్నాడు. ఉన్నట్టుండి అది పేలింది. ఎదురుగా కారు తుడుస్తున్న డ్రైవర్ తొడలో బుల్లెట్ దిగింది. పోలీసు అధికారి ఫోన్లో చెప్పింది చెప్పినట్టే రాశాను: 'ప్రమాదవశాత్తు గన్ మిస్‌ఫైర్ కావడంతో డ్రైవర్‌కు గాయాలయ్యాయి.' డెస్కులో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. మార్చడానికేముంది? మన పత్రికల్లో ఏళ్ల తరబడి అచ్చవుతున్న వాక్యమే కదా అది.

మూడు నెలల తర్వాత ఆ డ్రైవర్ మా ఆఫీసు మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి వచ్చాడు. జేబులో మడిచిన పేపర్ ముక్క. గొడవపడటానికి రాలేదు, ఓ సందేహం అడగడానికి వచ్చాడు. "తుపాకీ దానంతటదే పేలినట్టు రాసిండ్రు గద సారూ. మరి దాన్ని పట్టుకున్న చెయ్యి ఎటువోయింది?" పరిహారం కోసం ఎవరి దగ్గరికెళ్లినా 'మిస్‌ఫైర్ కదా, ఎవరేం చేస్తారు?' అనే జవాబే వస్తోందట. దానికి సాక్ష్యంగా నా వార్తనే చూపిస్తున్నారట.

నా దగ్గర సమాధానం లేదు. నేను రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేశాను. చట్టబద్ధమైన హింస మీద గుత్తాధిపత్యం ఉన్నదే రాజ్యమని మాక్స్ వెబర్ 1919లో ఇచ్చిన నిర్వచనం గురించి పరీక్షలో మూడు పేజీలు నింపినవాణ్ని. ఆ గుత్తాధిపత్యాన్ని నడుముకు కట్టుకుని తిరిగే మనిషి చేతిలోని యంత్రం ఎలా పనిచేస్తుందో మాత్రం ఎప్పుడూ తెలుసుకోలేదు.

అందుకే రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఓ పోలీసు ఆర్మరర్‌ను వెతుక్కుంటూ వెళ్లాను. ముప్పై ఏళ్లుగా తుపాకులు విప్పి బిగించిన మనిషి. ఆయుధాలు భద్రపరిచే గదిని పోలీసులు 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటారు. ఆ గది పక్కన బల్ల ముందు కూర్చోబెట్టి ఆయన ముందు నా భాషను సరిదిద్దారు. "మిస్‌ఫైర్ అంటే పేలాల్సింది పేలకపోవడం. ట్రిగ్గర్ నొక్కినా తూటా తుస్సుమంటే అది మిస్‌ఫైర్. మీ పేపర్లవాళ్లు దాన్ని తలకిందులుగా రాస్తున్నారు" అన్నారు.

తర్వాత మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, లోపల చూసి, చూసింది చాలక చిటికెన వేలితో తడిమి, అప్పుడు పిస్టల్ నా ముందు పెట్టారు. "ఎలుకల బోను చూశారా? ఇదీ అంతే" అన్నారు. బోనులో స్ప్రింగు బలాన్నంతా ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. పిస్టల్‌లో వెనక్కి వంచిన హ్యామర్‌ను స్ప్రింగు ముందుకు తోస్తుంటే, హ్యామర్ అడుగునున్న గాడిలో ముక్కు ఆనించి ఆపే ఉక్కు ముక్కే సియర్. అది గోరంత ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే మధ్యలోని మీట కదిలి సియర్‌ను గాడిలోంచి తప్పిస్తుంది. హ్యామర్ ఎగిరి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది. పిన్ వెళ్లి తూటా వెనకున్న ప్రైమర్‌ను పొడుస్తుంది. ప్రైమర్ నిప్పుకు మందు అంటుకుని బుల్లెట్ బయటికి దూసుకుపోతుంది.

అదే దెబ్బకు స్లయిడ్ వెనక్కి పోతుంది. ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, హ్యామర్‌ను మళ్లీ వంచి, ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. ఇదంతా రెప్పపాటు పని. వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే బిగిసి ఉంటుంది. మరి రెండో తూటా వెంటనే ఎందుకు పేలదు?

"అదీ అడగాల్సిన ప్రశ్న" అన్నారాయన. స్లయిడ్ వెనక్కి పోగానే ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య లంకె తెగిపోతుంది. ఆ పని చేసే భాగం డిస్‌కనెక్టర్. వేలు సడలించి ట్రిగ్గర్‌ను ముందుకు రానిస్తే తప్ప లంకె మళ్లీ కలవదు. కలిసినప్పుడు 'టిక్' మని సన్నని చప్పుడు. ఆయన నాచేత దాన్ని నాలుగైదుసార్లు వినిపించుకున్నారు. సెమీ ఆటోమేటిక్ అంటే ఇదే. నింపే పని యంత్రానిది. పేల్చే పని మాత్రం ప్రతిసారీ మనిషిదే.

ఆ మాట వినగానే నాకు 1948 జనవరి 30 గుర్తొచ్చింది. ఢిల్లీ బిర్లా హౌస్‌లో గాడ్సే చేతిలో ఉన్నది బెరెట్టా సెమీ ఆటోమేటిక్ పిస్టల్. గాంధీజీకి మూడు తూటాలు తగిలాయని చిన్నప్పటి నుంచీ చదువుకున్నదే. అంటే ఆ వేలు మూడుసార్లు బిగిసింది, మధ్యలో రెండుసార్లు సడలింది. ఆపేయడానికి యంత్రం రెండుసార్లు అవకాశమిచ్చింది. మనిషి తీసుకోలేదు.

మరి మా ఊరి గన్‌మన్ సంగతి? అతను హంతకుడు కాదు. అతను అంతకుముందు ఏళ్ల తరబడి మోసింది బ్రౌనింగ్ హై పవర్ నమూనా పిస్టల్ అని చెప్పగానే ఆర్మరర్ తల పంకించారు. అమెరికన్ జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో కన్నుమూస్తే, బెల్జియంలో ద్యుదొనె సేవ్ పూర్తిచేసిన డిజైన్ అది. 1935 నాటిది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన సైన్యానికీ పోలీసులకూ తయారైన 9 ఎంఎం పిస్టల్‌కు మూలం అదే. హై పవర్ డిజైన్‌లో ఒక ప్రత్యేకత ఉంది. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. చాలా పిస్టళ్లలో ఈ ఏర్పాటు ఉండదు. మ్యాగజైన్ బయటికొచ్చినా గొట్టంలో అప్పటికే చేరిన తూటా అక్కడే కూర్చుని ఉంటుంది. పైగా కొన్ని రకాలను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. గన్‌మన్‌కు కొత్తగా ఇచ్చింది అలాంటి రకమే.

"మ్యాగజైన్ తీస్తే తుపాకీ చచ్చినట్టేనని అతని వేలు నేర్చుకుంది. కొత్త తుపాకీకి ఆ సంగతి తెలియదు కదా" అన్నారు ఆర్మరర్. స్లయిడ్ లాగి, చిటికెన వేలు పెట్టి చూడటానికి రెండు సెకన్లు పట్టేది. అతను చూడలేదు. కొత్త ఆయుధం చేతికిచ్చినప్పుడు ఆ అలవాటు మాన్పించే శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. తప్పు ఒక వేలితో ఆగలేదు, ఆ వేలి వెనక సంతకం పెట్టి తుపాకీ అప్పగించిన చేతులదాకా వెళ్లింది. మిస్‌ఫైర్ అన్న ఒక్క మాటతో ఆ చేతులన్నీ కనబడకుండా పోయాయి.

యంత్రం తప్పే ఉండదని కాదు. సియర్ అరిగిపోవచ్చు. పాత పిస్టల్ కిందపడి పేలిన సందర్భాలున్నాయి. అందుకే చాలా కొత్త పిస్టళ్లలో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప పిన్ కదలకుండా అడ్డు ఉంటుంది. కానీ అది తేల్చాల్సింది పరీక్షించిన ఆర్మరర్. ఫోన్లో అధికారి, రాసుకునే విలేకరి కాదు.

చట్టం మాత్రం చేతిని మర్చిపోలేదు. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యం అప్పటి ఐపీసీలో 336 నుంచి 338 దాకా సెక్షన్ల కింద నేరమే. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 125వ సెక్షన్. పెళ్లి ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చి ఎదుటివారి ప్రాణం మీదికి తేవడాన్ని 2019లో ఆయుధాల చట్ట సవరణ ప్రత్యేక నేరం చేసింది. రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆర్మరర్ చెప్పిందంతా కలిపి మరో వార్త రాశాను. లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. డ్రైవర్ వచ్చి రెండు కాపీలు తీసుకెళ్లాడు. పరిహారం మాత్రం రాలేదు. అతను మళ్లీ స్టీరింగ్ పట్టలేదు, తమ్ముడి కిరాణా కొట్టులో కూర్చుంటున్నాడు.

ఈమధ్య మా జిల్లా విలేకరి ఒకరు 'గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్‌కు గాయం' అని పంపాడు. ఫోన్ చేసి, పిస్టల్ ఎవరి చేతిలో ఉందని అడిగాను. "డీఎస్పీ గారు మిస్‌ఫైర్ అనే చెప్పారన్నా" అన్నాడు. ఇంకోసారి అడగమన్నాను. అరగంటకు వార్త తిరిగొచ్చింది. వాక్యం కాస్త పొడుగైంది. అందులో ఇప్పుడు ఒక చెయ్యి ఉంది.