చివరికి కోచ్ అయ్యాడు

మనిషి బ్రతుకు మొత్తాన్ని ఒక్క పదంతో కొట్టిపారేయడానికి తెలుగులో ఒక మాట ఉన్నది: "చివరికి". అంత చదివినవాడు చివరికి గుమాస్తా అయ్యాడంటాం. అంత బాగా పాడిన ఆవిడ చివరికి పిల్లలకు సంగీతం చెప్పుకుంటోందంటాం. "బతకలేక బడిపంతులు" అన్న సామెత వెనుక ఉన్నదీ ఈ చూపే. టెన్నిస్ లోకంలో ఈ మాట అతికినట్లు సరిపోయేది ఎవరికని వెతికితే నాకు మొదట తోచే పేరు బిల్లీ మార్టిన్.

ఆయన 1956 డిసెంబరు 25న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో పుట్టాడు. 1973, 1974 సంవత్సరాలలో వరుసగా వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్ బాలుర టైటిళ్ళు రెండూ గెలుచుకున్నాడు. 1974 వింబుల్డన్ బాలుర ఫైనల్లో ఆయన చేతిలో 6-2, 6-1తో ఓడినది మన అశోక్ అమృత్‌రాజ్. తరువాతి కాలంలో హాలీవుడ్ నిర్మాతగా పేరు తెచ్చుకున్నది ఆ అశోకే. 1972లో ఇదే వింబుల్డన్ బాలుర టైటిల్ గెలిచినవాడు బ్యోర్న్ బోర్గ్. వయసులో మార్టిన్ కన్నా ఆరేడు నెలలు పెద్ద. ఇద్దరి దారీ ఒకటేనని ఆనాడు ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేము.

మార్టిన్ లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఏ.లో ఒక్క ఏడాది చదివాడు. 1975లో అమెరికా కళాశాలల ఎన్.సి.ఏ.ఏ. పోటీలో సింగిల్స్ గెలిచాడు, జట్టూ గెలిచింది. వెంటనే వృత్తి ఆటగాడయ్యాడు. 1977 వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి వైటస్ గెరులైటిస్ చేతిలో ఓడాడు. ఆ ఏడు కప్పు ఎత్తినవాడు బోర్గ్. గ్రాండ్ స్లామ్ పోటీలలో మార్టిన్ అంతకు మించి ముందుకు పోలేదు. 1983లో తాను చదివిన కళాశాలకే, తన పాత కోచ్ గ్లెన్ బాసెట్‌కు సహాయకుడుగా తిరిగి వచ్చాడు. ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు. "చివరికి కోచ్ అయ్యాడు" అని ఎందరన్నారో!

మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. వయసులో ఉన్నప్పుడు మంచి వాలీబాల్ ఆటగాడని చెప్పేవారు. పెళ్ళిళ్ళలో బంధువులు ఆయనను కొత్తవారికి పరిచయం చేసే తీరు ఎప్పుడూ ఒకటే: "మంచి ఆటగాడండీ, చివరికి డ్రిల్లు మాస్టారుగా స్థిరపడ్డాడు". నాన్నగారు నవ్వి ఊరుకునేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట ఆయనను ఎంత కోసిందో తెలుసుకునే దారి ఇక లేదు. తాను గెలిచిన ఆటల గురించి ఇంట్లో ఆయన నోరు విప్పగా నేను వినలేదు. ఏ కుర్రాడు సర్వీసు చేసేటప్పుడు ఏ కాలు ముందు పెట్టేవాడో మాత్రం ముప్పై ఏళ్ళ తరువాత కూడా చెప్పగలిగేవారు. అందుకే బిల్లీ మార్టిన్ కథలోని ఆ 'చివరి' తరువాతి భాగం నాకు ముఖ్యమనిపిస్తుంది.

కళాశాల టెన్నిస్ పద్ధతి వేరు. మూడు డబుల్స్ ఆటలకు కలిపి ఒక్క పాయింటు, ఆరు సింగిల్స్‌కు ఆరు. నాలుగు వచ్చిన జట్టు గెలుస్తుంది. ఆరు సింగిల్స్ ఆటలూ పక్కపక్క కోర్టులలో ఒకేసారి సాగుతుంటే కోచ్ ఒక కోర్టు నుండి మరొక కోర్టుకు తిరుగుతూ విరామంలో నాలుగు మాటలు చెప్పవచ్చు. బంతిని మాత్రం ముట్టుకోరాదు. పురుషుల జట్టు మొత్తానికి ఏళ్ళ తరబడి అనుమతించినవి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే. వాటినే కుర్రాళ్ళకు పంచాలి. చేతికి అందివచ్చిన కుర్రాడు నాలుగేళ్ళకు పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ మొదటి నుండి మొదలు.

బాసెట్ తరువాత 1993లో మార్టిన్ ప్రధాన కోచ్ అయ్యాడు. 1996, 1999, 2004లలో ఆయన జట్టు ఫైనల్‌కు వచ్చి ఓడింది. 2004లో బేలర్ జట్టు 4-0తో ఊడ్చిపెట్టింది. మరుసటి ఏడు అదే బేలర్ మీద 4-3తో గెలిచి, 1984 తరువాత యు.సి.ఎల్.ఏ.కు మళ్ళీ జట్టు టైటిల్ తెచ్చాడు.

ఆ గెలుపు కన్నా నన్ను ఎక్కువగా పట్టుకున్నది 2013 నాటి ఓటమి. వర్జీనియాతో ఫైనల్. ఒక కోర్టులో యు.సి.ఎల్.ఏ. కుర్రాడు టైటిల్ పాయింటు మీద బంతిని చక్కగా కొట్టాడు. కానీ వల తగలడంతో అది చెల్లలేదు. ఆ ఆట చేజారింది. ఇక మిగిలిన చివరి కోర్టులో మెకెంజీ మెక్‌డొనాల్డ్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు మూడో సెట్‌లో ఆధిక్యంలో ఉండి కూడా ఓడాడు. వర్జీనియా 4-3తో గెలిచింది. పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడి మీద జట్టంతటి ఓటమి! ఆ పూట కోచ్ అతనితో ఏమన్నాడో మనకు అక్కర లేదు. తరువాత జరిగినది చాలు. 2016లో అదే మెక్‌డొనాల్డ్ ఎన్.సి.ఏ.ఏ. సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచాడు. 2018లో వింబుల్డన్ నాలుగో రౌండు చేరాడు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అప్పటి విజేత రఫేల్ నడాల్‌ను ఓడించాడు.

ఓడిన కుర్రాడిని మరునాడు మళ్ళీ కోర్టుకు రప్పించడం ఒక విద్య. ఓటమి రుచి తెలియని వాడికి అది అబ్బుతుందని నేననుకోను. పద్ధెనిమిదేళ్ళకే ప్రపంచాన్ని గెలిచేట్లు కనిపించి, గెలవలేకపోయిన మనిషి దగ్గర ఆ సరుకు పుష్కలంగా ఉండి ఉంటుంది.

మార్టిన్ 2024లో పదవీ విరమణ చేశాడు. వృత్తి ఆటగాడుగా ఆడినది పదేళ్ళ లోపే, ఆడించినది నలభై ఏళ్ళు. ఒక జీవితంలో నలభై ఏళ్ళను "చివరికి" అనడం లెక్కప్రకారం చూసినా తప్పే. ఆ ముందరిదే ఉపోద్ఘాతం.