చాంద్‌రాత్ నాటి మామిడాకులు

పోయిన రంజాన్‌లో ఇరవై తొమ్మిదో రోజా నాడే ఉగాది వచ్చింది. 2025 మార్చి 30, ఆదివారం. పొద్దున నేను డ్యూటీ మీద దేవుని కడపకు పోయినాను. ఉగాది నాడు లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి మన వాళ్ళు పోవడం మీకు తెలిసిందే. బీబీ నాంచారి మా ఇంటి బిడ్డ, ఆయన మా అల్లుడు అని టెంకాయ, బెల్లం, పూలు పట్టుకుని పోతారు. ఏటా రాసే వార్తే, ఒక ఫోటో, నాలుగు పేరాలు. అది పంపించి ప్రొద్దుటూరు చేరేసరికి అసర్ అయింది. చూస్తే మా అమ్మీ స్టూలు మీద నిలబడి వాకిలికి మామిడాకుల తోరణం కడుతా ఉంది. డెబ్బై దాటిన మనిషి, పైగా రోజా.

ఆ ఆకులు ఎదురింటి సెట్టెమ్మవి. ఉగాదికి ఆమె కొడుకు మండ విరుచుకుని వస్తాడు, వాళ్ళకు చాలినంత కట్టుకుని మిగిలింది మాకు పంపిస్తుంది. ఈద్ దగ్గర్లో ఉంటే అమ్మీ వాటిని తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంటుంది. ఈసారి ఆ అవసరం కూడా రాలేదు. ఉగాది సాయంత్రమే చాంద్ కనపడింది, తెల్లారితే ఈద్.

మగ్రిబ్ నమాజ్ చదువుకుని మా తమ్ముడు మసీదు నుంచి వచ్చినాడు. కువైట్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. వాకిట్లోనే నిలబడి తల పైకెత్తి చూసినాడు. "యే అపన్ కా తరీఖా నై అమ్మీ," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. లోపలికి పోయి కత్తెర తెచ్చి దారం రెండు పక్కలా కత్తిరించి, తోరణం మడిచి అరుగు మీద పెట్టినాడు. అమ్మీ షీర్ ఖుర్మాకు బాదం, ఖర్జూరం సన్నగా తరుగుతా ఉంది. తల ఎత్తలేదు. నేను ఫోన్లో మా డెస్క్ వాళ్ళతో మాట్లాడుతున్నట్టు నటించినాను. అవతల ఎవరూ లేరు.

ఈ తోరణం కథ జమ్మలమడుగులో మొదలైంది. మా నానా పెన్న పక్కన ఒక మామిడి తోటకు కావలి. తోట ఆయనది కాదు, కాయ ఆయనది కాదు, ఆకు మాత్రం ఎవరూ లెక్క అడగరు. ఈద్‌కు పిల్లలకు కొత్త గుడ్డలు కుట్టించలేని ఏడాది కూడా ఆయన లేత ఆకులు కోసుకుని వచ్చేవాడట. నానీ చీపురు పుల్లలు చిన్నచిన్నగా విరిచి, ఆకు తొడిమ దగ్గర మడిచి పురికొసకు గుచ్చేది. ఇరవై ఒక్క ఆకులు. ఆ లెక్క ఎందుకో ఎవరికీ తెలియదు, మా అమ్మీ మాత్రం ఇరవై గుచ్చి ఆపదు. ఆ ఊరి క్యాంబెల్ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె వాళ్ళ వీధిలోనే ఉండేదట. క్రిస్మస్ వస్తే సరుగుడు కొమ్మలు గుండ్రంగా వంచి, మధ్యలో ఎర్ర రిబ్బను కట్టి తలుపుకు తగిలించేది. మా అమ్మీ చిన్నప్పుడు దాన్ని చూసి, తలుపుకు చక్రం ఎందుకు కట్టినారని అడిగితే, "పండగొచ్చిందని ఇంటికి తెలియాల గదమ్మా" అనిందంట ఆమె. ఈ మాట అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. అరవై ఏళ్ళు దాటినా ఆ గుండ్రటి మాల రంగుతో సహా గుర్తుంది.

నాకు తమ్ముడి మీద కోపం రావాలి. రాలేదు. కారణం 1993.

ఆ ఏడాది కూడా ఉగాది అయిన ఒకటి రెండు రోజులకే ఈద్ వచ్చింది. మన హిజ్రీ ఏడాది 354 రోజులు, కాబట్టి ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఉగాది అట్లా జారిపోదు. వాళ్ళు దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకొకసారి అధిక మాసం కలిపి దాన్ని చైత్రంలోనే నిలబెట్టుకుంటారు. అయినా రెండు లెక్కలకూ ఉన్నది ఒకే చందమామ. ఉగాది అమావాస్య మరుసటి రోజు, మన నెల మొదలయ్యేది అమావాస్య తర్వాత కనపడే నెలవంకతో. రంజాన్, ఫాల్గుణం కలిసి నడిచిన ఏడాది ఉగాది నెలవంకే మన ఈద్ చాంద్. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. ఆ తర్వాత పోయినేడు. ముప్పై ఏళ్ళ పైచిలుకుకు ఒకసారి ఇట్లా రెండు మూడేళ్ళు కలిసి నడిచి మళ్ళీ ఎవరి దారి వాళ్ళు పడతాయి.

1993లో నాకు పన్నెండేళ్ళు, ఉర్దూ మీడియం ఏడో తరగతి. ఈద్ మధ్యాహ్నం మా ఉస్తాద్ ఇంటికి వస్తానన్నారు. ఆయన అంటే నాకు ప్రాణం. నా నస్తాలీఖ్ చూసి, నీ చేతిలో బర్కత్ ఉంది అన్న మనిషి. ఆయన మా వీధి మలుపు తిరగడం చూసి నేను పరుగెత్తుకొచ్చి, కుర్చీ లాక్కుని, తోరణం ఒక్క గుంజు గుంజి పరుపుల కింద దాచినాను. అప్పటికి వాకిలికి మిగిలింది మేము పతంగి కాగితాలు కత్తిరించి మైదా పిండితో అంటించిన రంగు గొలుసులు మాత్రమే. ఉస్తాద్ వచ్చినారు, రెండు కప్పులు షీర్ ఖుర్మా తాగినారు, దువా చేసి పోయినారు. వాకిలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రం అమ్మీ పరుపులు దులుపుతుంటే నలిగిన ఆకులు బయటపడినాయి. ఏమీ అనలేదు. మర్హూమ్ అబ్బా అడిగితే గాలికి తెగిందని చెప్పింది.

తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే తమాషా అటునుంచి ఎదురైంది. తోరణం అంటే ముందు అర్థం కమాను వాకిలి అని, ఓరుగల్లు కోటలో రాతితో నిలబడి ఉన్నవి అవేనని అక్కడే తెలుసుకున్నాను. ఆ సంబరంలో, మా ఇంట్లో కూడా ఈద్‌కు తోరణం కడతామని క్లాసులో చెప్పినాను. "మీరు కూడానా!" అన్నారు స్నేహితులు. మెచ్చుకోలుగానే అన్నారు. ఆ "కూడా" మాత్రం చాలా రోజులు చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఉస్తాద్ ముందు దాచిన దాన్ని వీళ్ళ ముందు చూపించి సర్టిఫికెట్ అడుగుతున్నానా అనిపించింది. అమ్మీ ఆకులు గుచ్చేది ఎవరికి చూపించడానికీ కాదు కదా.

పులివెందులలో మా ఫుప్పీ అయితే ఈ తకరార్ అంతా విని నవ్వుతుంది. ఆమె ససురాల్ వాళ్ళది పూల పని. పొద్దున గంపలు వస్తే అరటి నార తడిపి, చామంతి, మరువం, కనకాంబరం కలిపి మూర లెక్కన కట్టి అమ్మడం. పెళ్ళికొడుకు ముఖం మీదికి సెహరా కట్టేది ఆమే, కడప పెద్ద దర్గా ఉర్సుకు పోయేవాళ్ళకు పూల చాదర్ అల్లేది ఆమే, శనివారం ఆంజనేయస్వామి గుడికి మాల పంపేది ఆమే. ఏ మాల ఎవరికని చూసి ముడి మార్చదు. "గుడికి పోయే మాల పొద్దున ఆరుకల్లా ఇయ్యాల, సెహరా నిఖాకు గంట ముందు ఇయ్యాల. నాకు తెలిసిన తేడా అంతే," అంటుంది. వేలికొసలకు నార కోసుకుని గీతలు పడిపోయినాయి. ఆధార్ మిషన్ ఆమె వేలిముద్ర తీసుకోదు.

తమ్ముడి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ వాకిలికి టేకు తలుపులు చేయించింది వాడి కువైట్ డబ్బు. అమ్మీ మోకాలి ఆపరేషన్ కూడా. పదకొండేళ్ళుగా అక్కడ ఒక గదిలో ఎనిమిది మందితో పడుకునే మనిషి. ఆ గదిలో వాడికి తోడు నిలిచింది దీనే. తషబ్బుహ్ హదీస్ చెప్పినాడు, ఆమె ఆఖిరత్ గురించే నా భయం అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అట్లాంటి వాడితో నేను ఓరుగల్లు తోరణాల గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది?

ఇషా తర్వాత ఒక హజ్రత్‌ను అడిగినాను. ఇబాదత్‌లో కొత్తది కలిపితే అది బిద్అత్, మామూలు ఆదత్‌లో మనాహీ రుజువయ్యేదాకా అసలు జాయిజే, ఆకు దగ్గర ఏదైనా అఖీదా పెట్టుకుంటే మాత్రం తప్పు అన్నారు. "మీ అమ్మీ ఏ నియ్యత్‌తో కడుతుందో అడిగినావా?" అన్నారు. లేదు, ఎప్పుడూ అడగలేదు. మీలాద్‌కు పచ్చ జెండీలు కట్టొచ్చా లేదా అని మా మహల్లాలో రెండు జమాతులు ఏళ్ళ తరబడి మాట్లాడుకోవు. ఆ గొడవలో నేను పేజీలు పేజీలు రాసినాను. సొంత అమ్మీని మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

ఆ రాత్రి అడిగినాను. సేమియా వేయిస్తా ఉంది. "నియ్యత్ క్యా రే? అబ్బాజాన్ లాతే థే," అనింది. మా నాన్న తెచ్చేవాడు, అంతే. గరిటె ఆపలేదు.

తెల్లవారి తమ్ముడు గుసుల్ చేసి, ఇత్తర్ పూసుకుని, ఈద్‌గాహ్‌కు పోయేముందు బజారుకు పోయి రెండు బారల మల్లెలు తెచ్చినాడు. పూలకైతే పర్వాలేదనుకున్నాడేమో, నేను అడగలేదు. అదే మేకులకు వాడే కట్టినాడు. ఒక పక్క ఎక్కువ జారింది. అమ్మీ వచ్చి చూసి, స్టూలు పట్టుకోమని, ఆ పక్క కొంచెం పైకి లాగి ముడి వేసింది. మొదటి కప్పు షీర్ ఖుర్మా వాడికే ఇచ్చింది.

ప్రొద్దుటూరు ఎండకు మల్లెలు జొహర్‌కల్లా వాడిపోయినాయి. అరుగు మీద మడిచి పెట్టిన మామిడాకులు కనపడలేదు. బక్రీద్‌కని ముందే కొని పెరట్లో కట్టేసిన మేక ముందు పురికొస, చీపురు పుల్లలు పడి ఉన్నాయి.

మధ్యాహ్నం సేమియా కోసం సెట్టెమ్మ వచ్చింది. వాకిలి చూసి, "ఏం బూబమ్మా, ఈ తూరి ఆకు కట్టలేదే? సాలలేదా?" అనింది. తమ్ముడు అక్కడే సోఫాలో ఉన్నాడు, తల దించుకున్నాడు.

"యాడ సెట్టెమ్మా, కడితిని," అనింది అమ్మీ గిన్నె మీద మూత పెడుతూ. "మేక తినేసింది."