'ఎప్పుడూ' అంటే ఎన్నిసార్లు?

తెలుగులో 'ఎప్పుడూ' భలే చిత్రమైన మాట. 'మా బావ ఎప్పుడూ టైముకి వస్తాడు' అంటే ప్రతిసారీ వస్తాడని. 'మా బావ ఎప్పుడూ టైముకి రాడు' అంటే ఒక్కసారీ రాడని. మాట ఒకటే. అర్థాన్ని తిప్పేసేది చివర్లో వచ్చే క్రియ. అందాకా వినేవాళ్లు ఆగాల్సిందే.

ఇంగ్లిష్‌కి అంత ఓపిక లేదు. క్రియ కంటే ముందే తేల్చమంటుంది: ఆల్వేసా, నెవరా?

12 ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'ఎప్పుడూ రాడు'ని మనసులో పెట్టుకుని 'హి ఆల్వేస్ డజంట్ కమ్' అంటారు. అనాల్సింది 'హి నెవర్ కమ్స్'. నెవర్‌లోనే 'లేదు' ఉంది. దానికి మళ్లీ నాట్ తగిలించక్కర్లేదు.

ఇక ఈ మాటల్ని ఎక్కడ పెట్టాలంటారా? మామూలు క్రియకి ముందు: 'ఐ ఆల్వేస్ లాక్ ద డోర్'. యామ్, ఈజ్, ఆర్‌ల తర్వాత: 'షి ఈజ్ ఆల్వేస్ బిజీ'. క్రియ రెండు ముక్కలైతే మధ్యలో: 'ఐ హ్యావ్ నెవర్ సీన్ హిమ్'. యూజువల్లీ, సమ్‌టైమ్స్ వాక్యం మొదట్లో కూడా ఒదుగుతాయి. ఆల్వేస్ అలా ఒదగదు. 'ఆల్వేస్ ఐ లాక్ ద డోర్' అనకండి. ఎదుటివాళ్లకి పని చెప్పేటప్పుడు మాత్రం 'ఆల్వేస్ లాక్ ద డోర్' అనొచ్చు.

నిజానికి చోటు తప్పితే పెద్దగా మునిగేదేం లేదు, అర్థమైపోతుంది. అసలు చిక్కు మాటని ఎంచుకోవడంలో ఉంది. అందుకే నా క్లాసులో ఒక లెక్క చెబుతాను. ఆ పని పదిసార్లు చేయాల్సివస్తే ఎన్నిసార్లు చేస్తారు? పదికి పదీ అయితే ఆల్వేస్. ఎనిమిదో తొమ్మిదో అయితే యూజువల్లీ. ఆరేడు ఆఫెన్. మూడు నాలుగు సమ్‌టైమ్స్, అంటే మన 'అప్పుడప్పుడు'. ఒకటి రేర్లీ, మన 'ఎప్పుడోగానీ'. సున్నా అయితే నెవర్. డిక్షనరీలో ఉండే లెక్క కాదిది, గుర్తుండటానికి నేను పెట్టుకున్నది.

మా సాయంత్రం బ్యాచ్‌లో నర్సులు ఎక్కువ. విదేశాల్లో ఉద్యోగం కోసం ఓఈటీ పరీక్షకి తయారవుతుంటారు. మొన్న ప్రాక్టీస్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయిని అడిగాను, 'మందు ఇచ్చేముందు పేషెంట్ పేరు సరిచూస్తారా?' అని.

'ఐ యూజువల్లీ చెక్ ద నేమ్' అంది.

గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. కానీ వినేవాళ్ల చెవికి 'ఒక్కోసారి చూడను' అని తగులుతుంది. ఆల్వేస్ అనమని దిద్దబోయి, ఆగి అడిగాను: 'నిజంగా ప్రతిసారీ చూస్తావామ్మా?'

కాస్త ఆలోచించి, 'నైట్ డ్యూటీలో 30 మందికి నేనొక్కదాన్నే సార్. అన్నిసార్లూ కుదరదు' అంది.

అంటే ఆ పిల్ల సరైన మాటే వాడింది! దాన్ని ఆల్వేస్‌గా మారిస్తే నేను నేర్పేది ఇంగ్లిష్ కాదు, అబద్ధం. మందు ఒకరిది ఒకరికి వెళ్లడానికి పదింట్లో ఆ ఒక్కసారి చాలు కదా. 'ముందు అలవాటు మార్చుకో, తర్వాత మాట మారుద్దాం' అన్నాను.

'మార్చుకుంటాను సార్. మరి 30 మందికి ఒక్క నర్సు నెవర్ ఉండకూడదని మావాళ్లకి ఎవరు చెబుతారు?' అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది.

అప్పట్నుంచి గ్రామర్ చెప్పాక ఒక మాట కలుపుతున్నాను. వాక్యంలో ఈ మాట ఎక్కడ పెట్టాలో పుస్తకం చెబుతుంది, ఏ మాట పెట్టాలో మాత్రం మీ రోజువారీ పనే చెప్పాలి అని.

ఈ లెక్క ఇళ్లల్లోనూ పనికొస్తుంది. 'నువ్వెప్పుడూ ఇంతే', 'మీరెప్పుడూ నా మాట వినరు' అనేముందు పదిసార్లలో ఎన్నిసార్లో లెక్కేసుకుంటే సగం గొడవలు మొదలే కావు. మా ఆవిడకి ఇదే చెప్పాను. వేళ్లమీద లెక్కపెట్టి, 'సరే, యూజువల్లీ వినరు' అంది.