చాటలో ఆకు... చేతిలో కార్డు

నిజామాబాద్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. జానకంపేట, ఎడపల్లి మీదుగా వెళ్లే ఈ దారి ఒకప్పుడు చెరకు బండ్ల దారి. 1937లో వెలసిన నిజాం షుగర్స్ ఆ చెరకును ఆడించి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్‌లో మిషన్ల చప్పుడు ఆగినా, చుట్టుపక్కల ఊళ్లలో మరో పని మాత్రం ఆగలేదు. అది అరుగుల మీద సాగే ఆడవాళ్ల పని... బీడీలు చుట్టడం!

ఒళ్లో చాట. చాటలో తునికాకు, పొగాకు పొడి, దారం, కత్తెర. పక్కన చాపమీద పసిబిడ్డ. కూలి వెయ్యి బీడీల లెక్కన. బిడ్డ ఏడిస్తే లేవాలి. లేస్తే లెక్క తగ్గుతుంది.

పిల్లల పేరిట సర్కారు డబ్బులిస్తే తల్లులు పని మానేస్తారా? చాలా దేశాల్లో ఉన్న చర్చే ఇది. అమెరికాలో 2021లో ఆరు నెలలపాటు పిల్లలున్న కుటుంబాలకు నెలనెలా డబ్బు ఇచ్చినప్పుడూ ఇదే అనుమానం. తల్లులు పనులకు వెళ్లడం పెద్దగా తగ్గలేదని పలు అధ్యయనాలు తేల్చాయి. బోధన్ పల్లెల్లో లెక్కే వేరు. ఇక్కడ పిల్లల డబ్బుకు అమ్మ పనే షరతు!

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్రం ఏటా స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఒకటో తరగతికి 1,000 రూపాయలు, వృత్తివిద్యా కోర్సులకు 25,000. 2017లో జీఎస్టీ వచ్చి బీడీ సెస్సు పోయినా ఇది ఆగలేదు. దరఖాస్తు చేయాలంటే తల్లిదండ్రుల్లో ఒకరికి బీడీ కార్మిక గుర్తింపు, కనీసం ఆరు నెలల పని ఉండాలి. ఇళ్లలో చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే కనుక ఆ కార్డు చాలాచోట్ల అమ్మదే.

అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కేసీఆర్ కిట్‌ది మరో దారి. సర్కారు దవాఖానలో కాన్పయితే మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకు 13,000 రూపాయలు విడతలవారీగా అన్నారు. గర్భిణి పోగొట్టుకునే కూలికి బదులుగా ఇస్తామన్న సొమ్ము అది. ఒక పథకం చాటను కొన్నాళ్లు పక్కన పెట్టమంటే, ఇంకోటి వదలొద్దంటుంది.

కూతురి ఒళ్లోకి చాట రాకూడదన్నది తల్లి ఆశ. కూతురు చదవాలంటే స్కాలర్‌షిప్ కావాలి. అది రావాలంటే కార్డు ఉండాలి. కార్డు ఉండాలంటే... అమ్మ ఒళ్లోంచి చాట దిగకూడదు.