ఫలక్‌నుమా గుట్ట కింద మోర్‌పంఖీ

చార్మినార్ నుండి షా అలీ బండా, అలియాబాద్, షంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి మీదుగా దక్షిణానికి సాగితే ఫలక్‌నుమా వస్తుంది. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ప్యాలెస్ గుట్ట మీద ఉన్నది. అది పూర్తయ్యేసరికి సుమారు తొమ్మిదేళ్లు పట్టింది. తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పరమైంది. 2010 నుండి హోటల్. వచ్చినవారి చూపులు సహజంగా గుట్ట పైకే పోతాయి. మేము పాఠకులను తీసుకుపోదలచింది గుట్ట కిందికి, ఇరుకు సందుల్లో మేము పాఠాలు చెప్పే మదరసా ముంగిలికి. అక్కడొక మోర్‌పంఖీ చెట్టు ఉన్నది. 2020 వరకు రెండు ఉండేవి.

నెమలి పింఛాన్ని నిలువునా మడిచి పెట్టినట్లుండే రెమ్మల వల్ల దీనికా పేరు. పుట్టిల్లు చైనా, కొరియా ప్రాంతాలు. అక్కడ శతాబ్దాలు దాటిన వృక్షాలున్నాయి. ఆకులు పొలుసుల వంటివి. చిన్న కొమ్ములున్న కాయలు మొదట నీలిబూడిద రంగులో ఉండి, ఎండి విచ్చుకొని రెక్కల్లేని విత్తనాలను రాలుస్తాయి. ఫారసీ, ఉర్దూ కవులు ప్రియతముల నిలువెత్తు సొగసుకు పోలికగా తెచ్చే ‘సర్వ్’ దీనికి దగ్గరి బంధువు. మన కోస్తాలోని సర్వి తోటలకు ఆ పేరే దక్కినట్లున్నది గానీ, సరుగుడు ఈ కుటుంబానిది కానే కాదు. దాని సూదులుగా మనం భావించేవి నిజానికి సన్నని కొమ్మలు.

ఆకు రాలని చెట్టొకటి ఉన్నది, అది ముస్లింను పోలినది, ఏదో చెప్పండని దైవప్రవక్త (స) సహచరులను అడిగిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. అందరి ఆలోచనలూ ఎడారి చెట్ల వైపు పోయాయి. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి)కు అది ఖర్జూరమని తోచినా, పెద్దల నడుమ చిన్నవాడినని సిగ్గుపడి మౌనం వహించారు. ఈ పాఠం వచ్చిన ప్రతి ఏడూ మా పిల్లలు కిటికీలోంచి చూసి “మోర్‌పంఖీ!” అంటారు. ఖర్జూరంలో ప్రతి భాగమూ మనిషికి పనికివస్తుంది, దీనికి తినదగిన పండైనా లేదని ఒకసారి వివరించాము. “పిచ్చుకలు కాపురం ఉంటున్నాయి కదా, హజ్రత్?” అన్నాడొక బాలుడు. పాఠం ముందుకు సాగించాము.

ఆ జంట మొక్కలను 2003లో మా చేతులతోనే నాటాము. పదిహేడేళ్లకు అవి మా తలకన్నా రెండు మూరలు పెరిగాయి, అంతే. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా పరిసర బస్తీలు నీట మునిగినప్పుడు మా ముంగిట్లోనూ నీరు నిలిచింది. పల్లంలో ఉన్న చెట్టు మొదట్లో మూడు రోజులు అలాగే ఉన్నది. నీరు తీసిన తర్వాత రెండు చెట్లూ పచ్చగానే కనిపించాయి. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాము. కానీ ఈ జాతి చెట్లకు వేరు కుళ్లిన సంగతి ఆకులకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. వేసవి ముఖాన రెమ్మలు రాగి రంగుకు తిరిగాయి. దాహమనుకున్నాము. పిల్లల చేత రోజూ బకెట్లతో పోయించాము. వేళ్లకు గాలి అందక చచ్చే చెట్టుకు మరింత నీరు పోయడమంటే ఏమిటో తెలిసేసరికి గోటితో గీరితే బెరడు కింద పచ్చదనమే లేదు. వరద తర్వాత ఆ పల్లంలో కాలువ తీసి ఉంటే బహుశా బతికేది. ఆ పని మాది. మేము చేయలేదు.

కొట్టించాము. మొదలు మా మణికట్టుకన్నా కాస్త లావు మాత్రమే, కానీ కోసినప్పుడు వచ్చిన సువాసన తరగతి గది దాకా పాకింది. పరిచయమున్న వడ్రంగి ఆ కర్రతో రిహల్ చేయడానికి వెడల్పు చాలదన్నాడు. టోపీలు, సంచులు తగిలించుకోవడానికి పదకొండు చిలక్కొయ్యలు చేసిచ్చాడు. నెమలి కాస్తా చిలక అయిందని పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

అదే చోట ఇప్పుడు కొత్త మొక్క ఉన్నది. ఈసారి ఎర్రమట్టిలో కంకర కలిపి మోకాలెత్తు దిబ్బ పోయించాము, వుజూ నీరు అటు రాకుండా గట్టు కట్టించాము. పూర్తి ఎండ తగులుతుంది. మట్టి రెండంగుళాల లోతున పొడిగా ఉంటేనే నీరు. ఆకారం కోసం కొసలు మాత్రమే కత్తిరిస్తాము, ఎందుకంటే ఆకు లేని ముదురు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురించదు. నిరుడు నాలుగు వేళ్ల పొడవు పెరిగింది. ఆ పిచ్చుకల బాలుడు హిఫ్జ్ ముగించుకొని వెళ్లిపోయాడు. వచ్చినప్పుడల్లా ముందు దిబ్బ దగ్గరికే పోయి వేలు గుచ్చి చూస్తాడు.